రద్దు చేద్దామంటే లైసెన్సు ఏదీ?

2025 మార్చి మొదట్లో విశాఖ రుషికొండ బీచ్‌లో నీలం జెండాలు దించేశారు. డెన్మార్క్‌లోని ఫౌండేషన్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ 2020 అక్టోబరులో ఇచ్చిన బ్లూ ఫ్లాగ్ గుర్తింపును తాత్కాలికంగా వెనక్కి తీసుకుంది. కారణాలన్నీ కంటికి కనిపించేవే. వీధికుక్కలు, చెత్త, పనిచేయని సీసీ కెమెరాలు, అధ్వానంగా తయారైన మరుగుదొడ్లు. ఫొటోలతో సహా ఫిర్యాదులు వెళ్లాయి, జెండా దిగింది. అధికారులు హడావిడిగా బాగుచేయించాక కొద్ది వారాల్లోనే గుర్తింపు తిరిగొచ్చింది.

విశాఖలో చాలామంది దీన్ని పరువు పోయిన సంగతిగానే మాట్లాడుకున్నారు. నిజానికి అక్కడ ఒక పద్ధతి సవ్యంగా పనిచేసింది. ముందే రాసిపెట్టిన 33 ప్రమాణాలున్నాయి. స్నానానికి దిగే సముద్రపు నీటిలో వంద మిల్లీలీటర్లకు ఇ-కోలి 250 మించకూడదని అంకె వేసి చెప్పారు. ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. తప్పు కనబడితే గుర్తింపు ఆగుతుంది, దిద్దుకుంటే వస్తుంది. అలల్లో మునిగి లేచే నీళ్లకు ఇంత ఏర్పాటు ఉంది. మరి తాగే నీళ్ల సంగతేమిటి? తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలువ, ఎక్కడెక్కడి నుంచో వచ్చే నీటిని శుద్ధి చేసి విశాఖ కుళాయిలకు పంపుతున్నారు. ఆ పని చేసే మనిషి చేతిలో రద్దు చేయడానికి వీలైన కాగితం ఏముంది? నీటిశుద్ధి ప్లాంటు ఆపరేటర్లందరికీ వర్తించే చట్టబద్ధమైన లైసెన్సు మన దేశంలో లేదు. నైపుణ్య శిక్షణ ధ్రువపత్రాలున్నాయి, జల్ జీవన్ మిషన్ కింద నల్ జల్ మిత్ర శిక్షణలున్నాయి. అవి ఉన్నవాడికి ఉద్యోగం రావచ్చు, లేనివాడినీ పనిలో పెట్టుకోవచ్చు.

కాబట్టి ఆపరేటర్ సర్టిఫికెట్‌ను ఏయే కారణాలతో రద్దు చేయాలన్న చర్చ మనకు పరాయి దేశపు సంగతిలా అనిపిస్తుంది. కానీ ఆ కారణాలను ఒక్కొక్కటే పరిశీలిస్తే, ఏ పనికి ఎవరు జవాబుదారీ అన్నది ఆ దేశాలు ఎంత స్పష్టంగా తేల్చుకున్నాయో తెలుస్తుంది. మనం ఎక్కడ తేల్చుకోలేదో కూడా అక్కడే తెలుస్తుంది.

ముందు పని గురించి. జలాశయం నుంచి వచ్చిన నీటిలో పటిక కలుపుతారు, మట్టి ముద్దలు కట్టి కిందకు దిగుతుంది, పైనున్న నీరు ఇసుక వడపోత గుండా దిగుతుంది, చివర క్లోరిన్ కలిపి వదులుతారు. వినడానికి ఇంతే. వాన పడిన మర్నాడు నీటి మట్టితనం అమాంతం పెరుగుతుంది. నిన్నటి పటిక మోతాదు ఇవాళ చాలదు. గాజు బీకర్లలో వేర్వేరు మోతాదులు కలిపి చూసే జార్ టెస్ట్ ఆ పూటే చేయాలి. ఫిల్టర్ బెడ్‌ను ఎప్పుడు బ్యాక్‌వాష్ చేయాలో, బ్యాక్‌వాష్ తరువాత తొలి నీటిని ఎంతసేపు వదిలేయాలో గడియారం చెప్పదు. క్లోరిన్‌కు సూక్ష్మజీవుల్ని చంపడానికి కనీసం అరగంట వ్యవధి కావాలి. బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటిలో స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి, వంద మిల్లీలీటర్ల నమూనాలో ఇ-కోలి అసలు కనిపించకూడదు. మట్టితనం 1 ఎన్‌టీయూ దాటకపోవడం మేలు, గతిలేనప్పుడు 5 దాకా ఒప్పుకుంటారు. ఈ అంకెల వెనకాల ఉండేది షిఫ్టులో ఉన్న ఒక మనిషి తీసుకునే నిర్ణయం.

అమెరికాలో 1996లో సురక్షిత తాగునీటి చట్టాన్ని సవరించినప్పుడు ఆపరేటర్ల ధ్రువీకరణను రాష్ట్రాల మెడకు చుట్టారు. 1999 ఫిబ్రవరిలో ఫెడరల్ పర్యావరణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ధ్రువీకరించే అధికారంతోపాటు రద్దు చేసే అధికారం కూడా రాష్ట్రానికి ఉండి తీరాలన్నది అందులో ఒక షరతు. ఆ విధానం లేని రాష్ట్రానికి తాగునీటి రుణనిధి కేటాయింపులో 20 శాతం ఆపేస్తారు. డబ్బుతో ముడిపెట్టబట్టే అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. అక్కడి నిబంధనలన్నీ ఒకచోట పెట్టి చదివితే రద్దుకు చూపే కారణాలు మాటలు మారినా ఇంచుమించు ఒకటే. పరీక్షలో మోసం చేసి, దరఖాస్తులో అబద్ధం చెప్పి సర్టిఫికెట్ పొందడం. పనిలో మోసం, రికార్డుల తారుమారు. తగిన జాగ్రత్త, వివేచన చూపకపోవడం. పని చేతకాకపోవడం. చట్టం ఉల్లంఘన అవుతుందని తెలిసీ ఊరుకోవడం. వృత్తికి సంబంధించిన నేరంలో శిక్ష పడడం. కాలిఫోర్నియా చట్టం చదివినా ఈ వరుసే కనిపిస్తుంది.

వీటిలో కొన్నింటి గురించి పెద్దగా చెప్పేది లేదు. దొంగ సర్టిఫికెట్ దొరికితే రద్దు చేయాల్సిందే, వాదనే అక్కర్లేదు. తాగి డ్యూటీకి వచ్చినవాడిని క్లోరిన్ గదిలోకి పంపకూడదని చెప్పడానికి కమిటీ అవసరం లేదు. పునశ్చరణ తరగతుల గంటలు పూర్తి చేయనివాడి సర్టిఫికెట్ గడువు తీరిపోతుంది, అది శిక్ష కాదు, హాజరు పట్టీ వ్యవహారం. నిజంగా తేల్చుకోవలసినవి రెండే. లాగ్‌బుక్‌లో అబద్ధం రాయడం, చెప్పవలసినవాళ్లకు చెప్పకపోవడం.

ఈ రెండూ ఒకేచోట జరిగాయి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అని ఐదు వేల లోపు జనాభా ఉన్న చిన్న ఊరు. 2000 మే నెలలో అక్కడ పెద్ద వానలు కురిశాయి. పక్క పొలంలోని పశువుల ఎరువు ఇంకి అయిదో నంబరు బావిలోకి చేరింది. ఇ-కోలి ఓ157 రకం, క్యాంపిలోబ్యాక్టర్ కుళాయిల్లోకి వచ్చాయి. ఏడుగురు చనిపోయారు, 2300 మందికి పైగా జబ్బుపడ్డారు. మేనేజరు స్టాన్ కోబెల్‌కూ, ఫోర్‌మన్‌గా ఉన్న ఆయన తమ్ముడు ఫ్రాంక్‌కూ ప్రభుత్వ సర్టిఫికెట్లున్నాయి. పరీక్ష రాయలేదు, ఎన్నాళ్లుగానో పనిలో ఉన్నారు కదా అని అనుభవం చూసి ఇచ్చేశారు. జస్టిస్ డెన్నిస్ ఒకానర్ విచారణలో బయటపడిన సంగతి ఏమిటంటే, రోజువారీ పట్టీల్లో క్లోరిన్ అంకె దాదాపు ఎప్పుడూ 0.5 లేదంటే 0.75 అనే ఉండేది. కొలవకుండానే రాసేవారు. నీళ్లలో క్లోరిన్ వాసన వస్తోందని ఊరివాళ్లు విసుక్కుంటారని తక్కువ కలిపేవారు. తామూ ఆ నీళ్లే తాగేవారు, అందులో హాని ఉందని వాళ్లు నమ్మలేదు.

ఈ ఆఖరి మాట దగ్గర ఆగాలి. కోబెల్ అన్నదమ్ములు దుర్మార్గులైతే సంగతి తేలికయ్యేది. వాళ్లు ఊరికి చెడు తలపెట్టలేదు. పని ఎందుకు చేస్తున్నారో తెలియకుండా చేశారు, తెలియనిదాన్ని అంకెలతో కప్పారు. మే 17న నమూనాలు చెడ్డాయని ల్యాబు నుంచి ఫ్యాక్స్ వచ్చింది. తరువాతి రోజుల్లో ఆరోగ్యశాఖ వాళ్లు ఫోన్ చేసి అడిగితే నీళ్లు బాగానే ఉన్నాయని స్టాన్ చెప్పాడు. నీళ్లు మరిగించి తాగమని ఆరోగ్యశాఖ తనంతట తాను ప్రకటించింది మే 21న. మధ్యలో పోయిన రోజులు జబ్బుపడినవాళ్ల సంఖ్యను పెంచాయి. 2004 డిసెంబరులో స్టాన్‌కు ఏడాది జైలు, ఫ్రాంక్‌కు తొమ్మిది నెలల గృహనిర్బంధం పడ్డాయి. ఆ ఫ్యాక్స్ ప్రభుత్వానికి కూడా నేరుగా చేరాలన్న నిబంధన లేకపోవడం, 1996లో పరీక్షల్ని ప్రైవేటు ల్యాబులకు వదిలేసినప్పుడు ఆ సంగతి ఎవరూ పట్టించుకోకపోవడం కూడా ఒకానర్ నివేదికలో ఉన్నాయి.

దొంగ లెక్కలు పట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. రోజుకు కోటి లీటర్లు శుద్ధి చేసే ప్లాంటులో లీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున కలుపుతున్నామని పుస్తకం చెబితే రోజుకు ఇరవై కిలోల క్లోరిన్ ఖర్చు కావాలి. 900 కిలోల క్లోరిన్ సిలిండరు (టన్నర్) నలభై అయిదు రోజులు వస్తుంది. మూడు నెలలు వచ్చిందంటే పుస్తకమైనా అబద్ధం, కొలిచే యంత్రమైనా అబద్ధం. ఏ గుమాస్తా అయినా స్టోర్ రిజిస్టరు పక్కన పెట్టుకుని చూసే లెక్క ఇది. రాత్రి రెండు గంటలకూ, వాన కురిసిన తెల్లవారుజామునా, మండు వేసవి మధ్యాహ్నమూ ఒకే అంకె కనబడితే ఆ చేతిరాత మీద అనుమానం రావాలి. మన పల్లెల్లో ట్యాంకు దగ్గర బ్లీచింగ్ పౌడరు కలిపాక ఆర్థోటాలిడిన్ చుక్క వేసి పసుపు రంగు చూసేవారు, ఇప్పుడు గులాబీ రంగొచ్చే డీపీడీ మాత్రలు వచ్చాయి. రంగు చూసి రాసిన అంకె అటూ ఇటూ ఊగుతుంది. చూడకుండా రాసిన అంకె నిలకడగా ఉంటుంది.

అయితే నీళ్లు చెడినంత మాత్రాన సర్టిఫికెట్ రద్దు చేయవచ్చా? 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి వల్ల దాదాపు 4,03,000 మంది జబ్బుపడ్డారని అంచనా. ఆ రోజుల్లో ఒక ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీటి మట్టితనం మామూలు కంటే పెరిగింది, కానీ అప్పటి ప్రమాణాల గీత దాటలేదు. క్లోరిన్‌కు ఆ జీవి లొంగదు. తప్పు ఆపరేటర్‌దా, ప్రమాణందా? లక్షల మంది పడకెక్కిన చోట కూడా వ్యక్తి సర్టిఫికెట్ తీసేసి చేతులు దులుపుకుంటే ప్రమాణాలు మారవు. అక్కడ ఆ తరువాత వడపోత ప్రమాణాలే బిగించారు.

దీనికి ఎదురుగా ఫ్లింట్ నగరం. మిషిగన్ రాష్ట్రంలోని ఈ నగరం ఖర్చు తగ్గించుకోవడానికి 2014 ఏప్రిల్ 25న నదినీటికి మారింది. అక్కడి ప్లాంటు బాధ్యతల్లో ఉన్న మైకెల్ గ్లాస్గో, ప్లాంటు ఇంకా సిద్ధంగా లేదని వారం ముందే రాష్ట్ర అధికారులకు ఈమెయిల్‌లో రాశాడు. ఎవరూ వినలేదు. నీరు గొట్టాలను తినేయకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు, సీసం నీళ్లలోకి దిగింది. అంతదాకా అతను సాక్షి. తరువాత సీసం పరీక్షల నివేదికలోంచి ఎక్కువ అంకెలున్న రెండు నమూనాలను తీసేశారు. రాష్ట్ర అధికారుల మాట మీదే తీశానని గ్లాస్గో చెప్పాడు. 2016లో అతని మీద కేసు పెట్టారు, కర్తవ్య నిర్లక్ష్యం అభియోగాన్ని అతను ఎదిరించలేదు, దర్యాప్తుకు సహకరించాడు. ఒకే మనిషి ముందు చెప్పాల్సింది చెప్పాడు, తరువాత తీయకూడనిది తీశాడు. పైవాడు చెప్పాడన్నది రద్దుకు అడ్డు కావాలా? నా మటుకు కాకూడదు. అడ్డు కాదని ముందే తెలిస్తేనే ఆపరేటర్ పైవాడికి ఎదురు చెప్పగలడు. సంతకం పెడితే నా లైసెన్సు పోతుందండీ అనే మాటలో ఉన్న బలం, నాకిష్టం లేదండీ అనడంలో లేదు.

కనుక రద్దుకు కారణాల జాబితా రాసేవాళ్లు ఒక విభజన చేసుకోక తప్పదు. చెడ్డ అంకె వచ్చిందని శిక్షిస్తే రేపటి నుంచి చెడ్డ అంకెలే రావు. చెడ్డ అంకెను నిజాయితీగా రాసి వెంటనే తెలియజేసినవాడికి రక్షణ, మంచి అంకెను కల్పించి రాసినవాడికి రద్దు. మోతాదు పొరపాటుకు హెచ్చరిక, మళ్లీ శిక్షణ, అవసరమైతే కొన్నాళ్లు నిలుపుదల చాలు. ఒంటారియో నిబంధనల్లో సర్టిఫికెట్ నిలుపుదల, రద్దు రెండూ విడివిడిగా ఉన్నాయి. రుషికొండ జెండా విషయంలోనూ అదే జరిగింది, దించారు, మళ్లీ ఎగరేశారు.

ఇప్పుడు మన రాష్ట్రం సంగతి. ఉక్కు కర్మాగారంలోనూ రిఫైనరీలోనూ బాయిలర్ నడపాలంటే అర్హత పత్రం ఉండాలి. 1923 నాటి బాయిలర్ల చట్టం కాలం నుంచీ, పరీక్ష పాసైనవాడే ఆవిరి దగ్గర నిలబడాలన్న నియమం క్రమంగా బిగిసింది. ఆ పత్రాన్ని రద్దు చేయడానికీ నిబంధనలున్నాయి. లారీ డ్రైవరు లైసెన్సును ఏయే కారణాలతో తీసేసుకోవచ్చో మోటారు వాహనాల చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. అలవాటుగా తాగేవాడు, మోసంతో లైసెన్సు పొందినవాడు, గత ప్రవర్తన వల్ల జనానికి ప్రమాదమని తేలినవాడు అందులో ఉన్నారు. మందుల షాపు ఫార్మసిస్టు పేరు రిజిస్టరు నుంచి తొలగించడానికి 1948 నాటి చట్టం ఉంది. బాయిలర్ పేలితే చుట్టుపక్కలవాళ్లు పోతారు, లారీ తప్పితే దారిన పోయేవాళ్లు పోతారు. ఊరంతటికీ ఒకేసారి నీళ్లు పట్టించేవాడికి మాత్రం ఇలాంటి చట్టం ఏదీ లేదు.

మరి ఇక్కడ నీళ్లు చెడితే ఏం జరుగుతుంది? 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో డయేరియా ప్రబలి పలువురు చనిపోయినప్పుడు ఇంజనీర్ల మీద సస్పెన్షన్ వేటు పడింది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో జనం డయేరియాతో చనిపోయారు, మృతుల లెక్క మీద మొదటినుంచీ వివాదమే. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అక్కడికి వెళ్లినప్పుడు, ఏళ్ల తరబడి ఫిల్టర్ బెడ్లు మార్చలేదన్న మాట బయటికొచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో, హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009 మేలో మురుగు కలిసిన నీళ్లు ప్రాణాలు తీశాయి. ప్రతిసారీ వరుస ఒక్కటే. సస్పెన్షన్, విచారణ, ఎక్స్‌గ్రేషియా.

సస్పెన్షన్‌కూ లైసెన్సు రద్దుకూ తేడా ఉంది. సస్పెన్షన్ ఉద్యోగానికి సంబంధించినది. రెగ్యులర్ ఇంజనీరు కొన్నాళ్లకు మరో ఊళ్లో కుర్చీలో కూర్చుంటాడు. ప్రభుత్వ పొరుగుసేవల సంస్థ ఆప్కాస్ ద్వారానో కాంట్రాక్టరు ద్వారానో వచ్చిన ఫిల్టర్ హౌస్ కార్మికుడికైతే విచారణ కూడా అక్కర్లేదు, రేపటి నుంచి రావద్దని ఒక్క మాట చాలు. అతను పక్క మున్సిపాలిటీలోనో, అపార్ట్‌మెంటు ప్లాంటులోనో, వీధి చివర టిన్ను నీళ్లమ్మే ఆర్వో ప్లాంటులోనో మళ్లీ చేరతాడు. తప్పు చేసినవాడైతే ఆ తప్పు అతని వెంట వెళ్లదు. తప్పు చేయనివాడైతే నిరూపించుకునే చోటు దొరకదు. లైసెన్సు విధానాన్ని కార్మిక సంఘాలు అనుమానంగా చూడడం సహజమే, నెత్తిన మరో కత్తి వేలాడదీస్తున్నారని అనుకుంటారు. కానీ ఇప్పుడున్న కత్తికి పిడి కూడా వాళ్ల వైపు లేదు. మేనకా గాంధీ కేసులో 1978లో సుప్రీంకోర్టు పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవాలన్నా ఎదుటివాడి మాట వినాలంది. చట్టం ఇచ్చిన లైసెన్సు అయితే నోటీసు, కారణం, వాదన, అప్పీలు అన్నీ దాని వెంట వస్తాయి. జీతం తక్కువున్న కార్మికుడికి అదొక కవచం.

ప్రమాదం మరోచోట ఉంది. రేపు ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి నిబంధన తెస్తే ఇరవై ఏళ్లుగా వాల్వులు తిప్పుతున్నవాళ్లను ఏం చేస్తారు? పరీక్ష పెడితే చదువు తక్కువున్న మంచి పనివాళ్లు పోతారు. పెట్టకుండా ఇచ్చేస్తే వాకర్టన్ అవుతుంది. అమెరికా మార్గదర్శకాల్లో మధ్యేమార్గం ఒకటుంది. పాతవాళ్లకు ఒకసారికి మినహాయింపు ఇవ్వచ్చు, అది వాళ్లు పనిచేస్తున్న ఆ ప్లాంటుకే చెల్లుతుంది, ఇంకో ప్లాంటుకు పట్టుకుపోవడానికి వీల్లేదు, పునశ్చరణ శిక్షణ నుంచి మాత్రం మినహాయింపు లేదు. మన దగ్గర తెలుగులో, రాతపరీక్ష కంటే చేతిపరీక్షకు ఎక్కువ మార్కులు వేసి, ఎదురుగా జార్ టెస్ట్ చేయించి, క్లోరిన్ లీకు వస్తే మాస్కు ఎలా తొడుగుతాడో చూసి ఇస్తే పాతవాళ్లలో సగానికి పైగా నెగ్గుతారని నా నమ్మకం. ఇచ్చేది, తీసేది మాత్రం నీళ్లు సరఫరా చేసే కార్పొరేషన్ కాకూడదు. తన ప్లాంటులో తప్పు జరిగిందని తానే తీర్పు చెప్పే సంస్థను ఏ ఊళ్లోనూ చూడలేదు.

టిన్ను నీళ్ల సంగతి కాస్త వేరు. సీసాల్లో, సీలు వేసి అమ్మే నీటికి బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 14543 ఉంది, ఆహార భద్రత సంస్థ లైసెన్సు ఉంది. అక్కడ రద్దయ్యేది ప్లాంటు లైసెన్సు, మనిషిది కాదు. పేరు మార్చి అదే షెడ్డులో మళ్లీ మొదలుపెట్టడం ఎంత సులువో వీధుల్లో తిరిగేవాళ్లకు తెలుసు. మనిషికీ లైసెన్సు ఉంటే కొత్త బోర్డు వెనక ఎవరున్నారో రిజిస్టరు చెబుతుంది.

వాకర్టన్ తరువాత ఒంటారియో 2002లో సురక్షిత తాగునీటి చట్టం చేసి ఆపరేటర్ల నిబంధనలు బిగించింది. అక్కడితో ఆగకుండా ప్లాంటును పర్యవేక్షించే పురపాలక సభ్యుల మీద కూడా తగిన జాగ్రత్త చూపే బాధ్యతను చట్టంలోనే పెట్టింది. ఆపరేటర్ ఇసుక కొనలేడు. ఫిల్టర్ మీడియా మార్చాలని లాగ్‌బుక్‌లో ఎర్రసిరాతో రాయగలడు, సూపర్‌వైజరుకు చెప్పగలడు, అంతే. గుర్లలాంటి చోట బెడ్లు ఏళ్ల తరబడి మారకపోతే అది ఫిల్టర్ హౌస్‌లో జరిగిన తప్పు కాదు, బడ్జెట్ పద్దులో జరిగిన తప్పు. మార్చాలని ఆపరేటర్ ఎన్నిసార్లు రాశాడో, ఆ కాగితం ఏ టేబుల్ దగ్గర ఎన్ని నెలలు ఆగిందో చూపించే రికార్డు ఉంటే రద్దు నోటీసు ఎవరి పేరు మీద వెళ్లాలో తేలుతుంది. ఆ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లకు లైసెన్సు ఉండదు. ఉద్యోగ నియమావళిలోనో, పురపాలక చట్టంలోనో ఆ మేరకు ఒక సెక్షన్ చేరకుండా ఆపరేటర్లకు మాత్రమే సర్టిఫికెట్లు పంచితే, ఇప్పుడు సస్పెండయ్యే ఇంజనీరు స్థానంలో రేపు రద్దయ్యే కార్మికుడు ఉంటాడు.